తోక ఉన్న క్రియ

వార్తా ఏజెన్సీ నుంచి వచ్చిన ఇంగ్లీషు కాపీని తెలుగు చేసేటప్పుడు పెద్ద పెద్ద మాటలతో నాకంత ఇబ్బంది ఉండదు. వాటికి నిఘంటువు ఉంది. చిక్కంతా 'గివ్ అప్' లాంటి చిన్న మాటలతోనే. గివ్ అంటే ఇవ్వడం, అప్ అంటే పైకి. రెండూ కలిస్తే చాలాసార్లు ఇవ్వడమూ కనిపించదు, పైకీ కనిపించదు. ఇలా తోక తగిలించుకున్న క్రియలు పరాయి దేశస్థులకు మహా కష్టమని 1755లో నిఘంటువు వేసిన శామ్యూల్ జాన్సనే తన ముందుమాటలో ఒప్పుకున్నాడు.

డెస్కులో కొత్తగా చేరినవాళ్లు 'గివ్ అప్'కు 'విడిచిపెట్టు' అని రాసుకుని అన్నిచోట్లా అదే వాడేస్తారు. కానీ సందర్భాన్ని బట్టి మాట మారాలి. సిగరెట్ల సంగతైతే మానేశాడు. నిందితుడైతే పోలీసులకు లొంగిపోయాడు. రోగి విషయంలో డాక్టర్లయితే పెదవి విరిచారు. బస్సులో ముసలాయన కోసమైతే లేచి సీటిచ్చాడు, అంతే. పొడుపుకథ విప్పలేని పిల్లాడు 'ఓడిపోయా, నువ్వే చెప్పు' అంటాడు.

2015లో కేంద్రం వంటగ్యాస్ సబ్సిడీ మీద 'గివ్ ఇట్ అప్' ప్రచారం మొదలుపెట్టింది. 'ఇట్' నడుమనే కూర్చోవాలి, చివర పెడితే తప్పు. సబ్సిడీ అన్న మాటనైతే నడుమన పెట్టినా చివర పెట్టినా చెల్లుతుంది. మరి తెలుగులో? 'సబ్సిడీ వదిలేయండి' అంటే పీడ వదిలించుకోమన్నట్టుంటుంది. 'వదులుకోండి' అన్నప్పుడే అది మీది, పోయేదీ మీకే అని తెలుస్తుంది. ఆ పనంతా 'కొను' చేసింది. మానేయడంలో 'వేయు', లొంగిపోవడంలో 'పోవు' చేసేదీ ఇలాంటి పనే. మనకూ తోకలున్నాయి, కాకపోతే అవీ క్రియలే. అందుకే 'అప్'కు తెలుగు మాట వెతకను. ఎవరికి ఏం పోతోంది, ఇష్టపడి పోగొట్టుకుంటున్నారా, గతిలేకనా అని చూసి తోక తగిలిస్తాను. 'త్యజించు' అని రాసేవాళ్లూ ఉన్నారు. సన్యాసుల వార్తకు తప్ప అది పనికిరాదు.

ఈమధ్య కుర్రాళ్లు 'గివప్ ఇచ్చేశా' అంటున్నారు. గివ్ ఉండగా ఇంకో ఇవ్వడం, అప్ ఉండగా మళ్లీ వేయడం! వ్యాకరణం మాట ఎలా ఉన్నా చెవికి బాగుంది. సినిమా పేజీలో వస్తే ముట్టుకోను. మొదటి పేజీలో మాత్రం ఇంకా కొట్టేస్తూనే ఉన్నాను.