తమ్ముడూ గీశాడా?

మా అపార్ట్‌మెంట్‌లో ఈ వారం ఒక వ్యక్తిత్వ వికాస నిపుణుడు పిల్లలకు క్లాసు పీకాడు. ఐస్ హాకీ వీరుడు వేన్ గ్రెట్స్‌కీ పేరెత్తేసరికి నాకు హుషారొచ్చింది. తీరా ఆయన చెప్పింది ఒకటే ముక్క: బంతి ఉన్నచోటికి కాదు, పోబోయే చోటికి వెళ్లాలట. చప్పట్లు! అది బంతి కూడా కాదు, పక్. నల్లటి రబ్బరు బిళ్ల. ఎటు పోబోతోందో తెలిసేదెలా? అది మాత్రం చెప్పలేదు.

కెనడాలో బ్రాంట్‌ఫర్డ్ అనే ఊళ్లో వేన్ నాన్న వాల్టర్ టెలిఫోన్ కంపెనీ ఉద్యోగి. చలికాలం పెరట్లో నీళ్లు పారించి, గడ్డకట్టాక పిల్లల్ని ఆడించేవాడు. టీవీలో మ్యాచ్ వస్తే కొడుకు చేతికి కాగితం, పెన్సిల్ ఇచ్చేవాడు. కాగితం వంక చూడకూడదు. పక్ ఎటు పోతే పెన్సిల్ అటు. ఆట అయ్యాక చూస్తే, గీతలు చిక్కబడ్డ చోటల్లా పక్ ఎక్కువగా తిరిగిన చోటు.

పెన్సిల్ అనగానే నాకూ చెయ్యి దురద పెట్టింది. ఆదివారం ఫుట్‌బాల్ మ్యాచ్ పెట్టుకుని, మనవడి డ్రాయింగ్ పుస్తకంలో గడి గీసుకుని కూర్చున్నాను. పది నిమిషాల్లో పెన్సిల్ పుస్తకం దాటి దుప్పటి మీదికెళ్లింది. కానీ ఒకటి చూశాను: గీతలన్నీ మైదానం నడుమ కాదు, రెండంచుల్లో ముసురుకున్నాయి. నలభై ఏళ్లుగా ఫుట్‌బాల్ చూస్తున్నా, ఈ సంగతి నా కంటపడలేదు.

గ్రెట్స్‌కీ అయితే తన అడ్డా గోలు వెనక వేశాడు. అక్కణ్నుంచి బిళ్ల అందిస్తుంటే మిగతావాళ్లు గోల్స్ కొట్టేవారు. ఆ చోటికి ‘గ్రెట్స్‌కీ ఆఫీసు’ అనే పేరు పడింది. ఆయన 894 గోల్స్ రికార్డును 2025 ఏప్రిల్‌లో ఒవెచ్కిన్ అనే మరో ఆటగాడు దాటేశాడు. 1,963 అసిస్టుల (గోలు పడేలా బిళ్ల అందించడం) జోలికి మాత్రం ఎవరూ రాలేదు. గోలుకో పాయింటు, అసిస్టుకో పాయింటు. గోల్సన్నీ తీసేసినా, ఆయన ఆడిన ఎన్‌హెచ్‌ఎల్ లీగ్‌లో మరే ఆటగాడి మొత్తం పాయింట్లూ ఆ అసిస్టులకు సరిరావు. అంతా పెన్సిల్ మహిమేనని మనవడికి చెప్పాను.

‘‘వాళ్ల తమ్ముడు కూడా గీశాడా తాతయ్యా?’’ అన్నాడు వాడు.

తమ్ముడు బ్రెంట్ కూడా అదే లీగ్‌కి వెళ్లాడు. 13 మ్యాచ్‌లు, ఒక గోలు, మూడు అసిస్టులు. అన్నవి 2,857 పాయింట్లు, తమ్ముడివి 4. అదే ఇల్లు, అదే నాన్న. సాధన, సాధన అంటూ ఈ కాలమ్‌లో ఇన్నాళ్లూ మీ చెవులు చిల్లులు పడేలా అరిచినవాణ్ని, ఆ 4 దగ్గర నోరు మూసుకున్నాను.

‘‘తెలీదురా’’ అన్నాను.

వాడప్పటికే దుప్పటి మీద గీతని రబ్బరుతో రుద్దుతున్నాడు. అది పోకపోగా బెత్తెడు మేర అలుక్కుపోయింది.