పెడన అద్దకపు చేయి
దామెర్ల రామారావు వర్ణచిత్రములను, వడ్డాది పాపయ్య ముఖచిత్రములను నిత్యమును ఆరాధించు బెజవాడ యువకళాభిమానులు పెడనకు పోయి కలంకారీ అద్దకపుపనివాని చేతిని తప్పక చూడవలెను. కరక్కాయపొడి కలిపిన గేదెపాలలో నాని యెండి, రంగును ప్రాకనీయని గుణము పొందిన వస్త్రముపై అతడు టేకు అచ్చును నిలిపి పిడికిలితో మోదును; మరుసటి అచ్చు వెనుకటి తీగ కొసను వెంట్రుకవాసియైన తప్పక కలిసికొనును. తుప్పుపట్టిన యినుమును బెల్లముతో ఊరవేసి తీసిన నీరు తాకినంతనే, కరక్కాయ చలువ వలన, నలుపు తేరును. పటిక యద్దినచోట మాత్రము ఎరుపు తొలుత పొడచూపదు, పారునీట జాడించి, వేళ్లరంగు మరుగు రాగిపాత్రలో ఉడికించిన పిమ్మటనే వికసించును. కానరాని వర్ణమును మనసున నిలుపుకొని చేయి కదలించు ఆ ఏకాగ్రత ఏ మహాచిత్రకారుని దృష్టికిని తీసిపోదు! అట్టి వస్త్రమును దుప్పటిగా పరచుకొను సామాన్యగృహస్థునకు, చిత్రశాలకు పోకయే, సజీవరేఖ అనుదినమును కన్నులపండువగుచున్నది.