అత్తయ్య రాయని యాత్రాచరిత్ర

యాత్రాచరిత్రలంటే నాకు మొదట్నించీ ఓ బలహీనత. మధ్యాహ్నం వంటింటి పని తెమిల్చుకుని నడుం వాల్చినప్పుడు, టిక్కెట్టు ఖర్చు లేకుండా దేశాలు తిప్పుకొస్తాయి గదా! కానీ ఈమధ్య ఒక రకం యాత్రారచనలు చదువుతుంటే మనసులో ఏదో గుచ్చుకుంటోంది.

2018 ఆగస్టులో మణిపూర్‌లోని మోరే దగ్గర బర్మా సరిహద్దు మామూలు ప్రయాణికులకి తెరిచారు. 2020లో కరోనాతో మూతపడేలోగా కొందరు ఉత్సాహవంతులు ఆ దారిన కార్లమీదా, మోటారుసైకిళ్ళమీదా వెళ్ళొచ్చి రాశారు. వరస మాత్రం ఒకటే. కోహిమాలో 1944 నాటి యుద్ధం, టెన్నిస్ కోర్టుకి ఇటు ఒకరూ అటు ఒకరూ నిలబడి పోరాడిన కథ. ఇంఫాల్‌లో సైనికుల సమాధులు. సరిహద్దు దాటాక పగాన్‌లో రెండువేలకు పైబడ్డ బౌద్ధాలయాలు, సూర్యాస్తమయం, ఫోటోలు. పేజీకి రెండు ‘అద్భుతం’లు.

అందులో తప్పేముందంటారా? 1830లో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరిన ఏనుగుల వీరాస్వామయ్యగారు, ఏ మజిలీలో నీళ్ళు దొరుకుతాయో, ఏ వూళ్ళో సరుకులు దొరుకుతాయో ఓపిగ్గా రాసుకొచ్చారు. తన వెనక రాబోయేవాళ్ళ ఆకలి ఆయనకి గుర్తుంది. వీళ్ళకి తమకన్నా ముందు అదే దారిన నడిచినవాళ్ళే గుర్తులేరు.

ఒకప్పుడు రంగూన్ జనాభాలో సగానికి పైగా మనదేశంవాళ్ళే. మన తీరం నుంచి స్టీమరెక్కి రేవుల్లో, బియ్యం మిల్లుల్లో పనికి వెళ్ళినవాళ్ళు వేలకివేలు. 1941 డిసెంబరు 23న రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాయి. ఓడల్లో చోటు దొరకని లక్షలమంది కాలినడకన బయల్దేరారు. కొందరు అరకాన్ కొండలు దాటి చిట్టగాంగుకీ, కొందరు తమూ మీదుగా ఇంఫాల్‌కీ. జ్వరాలతో, కలరాతో దారిలోనే పోయినవాళ్ళు వేలల్లో ఉన్నారు.

మా పెద్దత్తయ్య ఆ తమూ దారినే వచ్చింది. అప్పటికి తొమ్మిదేళ్ళు. తీరా అనకాపల్లి చేరేసరికి, ఏప్రిల్ 6న విశాఖ మీద కూడా బాంబులు పడ్డాయని అక్కడి జనం మూటాముల్లే కట్టుకుని ఇటే వస్తున్నారట. ఆవిడ చెప్పింది అంతే. కొత్తకోడలిగా నేను గుచ్చిగుచ్చి అడిగితే, “ఏటున్నాదే చెప్పడానికి? నడిచేం, వచ్చేం” అని బియ్యంలో రాళ్ళు ఏరుకుంటూ కూచుంది. బయల్దేరినవాళ్ళు అయిదుగురు, చేరినవాళ్ళు నలుగురు అని మాత్రం ఇంట్లో అందరికీ తెలుసు.

పగాన్ దగ్గరికొచ్చేసరికి ఇంకో లోపం. “ఇంత ప్రాచీనమైనవి మనవైపు ఎక్కడున్నాయి?” అన్న ధోరణి. మా వూరికి మూడు కిలోమీటర్ల దూరంలో శంకరం ఉంది. సంఘారామం అన్న మాటే అలా మారిందంటారు. అక్కడి బొజ్జన్నకొండ గుహల్లో మలిచిన బుద్ధుడు, పక్కనే లింగాలకొండ మీద రాతిలోనే వరసగా తొలిచిన స్తూపాలు పగాన్ గుళ్ళకన్నా కొన్ని శతాబ్దాలు పాతవి. 1907 ప్రాంతంలో అలెగ్జాండర్ రీ అనే దొర తవ్వించేదాకా వాటి సంగతి పైవాళ్ళకి పెద్దగా తెలీదు. కనుమనాడు జనం కొండెక్కి, అక్కడి బొజ్జలాంటి రాతిని రాక్షసుడనుకుని రాళ్ళు విసిరే ఆచారం మొన్నమొన్నటిదాకా ఉండేది. వాళ్ళకి ఎవరూ చెప్పలేదు. చదువుకున్న మనమో, పక్కనుంచి రైల్లో పోతూ కూడా తలెత్తి చూడం.

దూరం వెళ్ళొద్దని నేననడంలేదు. వెళ్ళండి, రాయండి. కాకపోతే కోహిమాలో నిలబడి సైనికుల పేర్లు చదివే రచయిత, ఏ రాతి మీదా పేరు లేనివాళ్ళు ఈ దారినే వచ్చారని ఒక్క వాక్యం రాస్తే, ఆ పుస్తకం మా అత్తయ్యలాంటి వాళ్ళది కూడా అవుతుంది.

మీ ఇంట్లో అలా నడిచొచ్చిన పెద్దలుంటే, కనీసం వాళ్ళ మాట విన్నవాళ్ళుంటే, ఈ మధ్యాహ్నం పుస్తకం పక్కనపెట్టి వాళ్ళ దగ్గర కూచోండి. బియ్యం చేట మీరే అందుకోండి. నేనా పని చెయ్యలేదు. ఆ అయిదోవారి పేరేమిటో అడుగుదామనుకునేసరికి అత్తయ్య లేదు.