తిమింగలం: పేరు, పురాణం, ప్రాణి

పురాణాల్లో తిమింగిలం ఒక భయంకర జలభూతం. నేటి తెలుగులో అదే మాట 'తిమింగలం'గా ఒక క్షీరదానికి పేరు. ఈ రెండింటినీ ఒకటిగా భావించి, పూర్వకవులు వర్ణించింది నేటి తిమింగలాన్నే అని చెప్పడం పరిపాటి. ఈ అభిప్రాయం ఎంతవరకు నిలుస్తుందో పరిశీలిద్దాం.

సంస్కృతంలో 'తిమి' ఒక మహామత్స్యం. 'గిల' అంటే మింగేది. సమాసంలో నడుమ మకారం ఆగమంగా వచ్చి, తిమిని మింగేది అనే అర్థంలో 'తిమింగిల' ఏర్పడింది. వైయాకరణులు అంతటితో ఆగక, దాన్నీ మింగే 'తిమింగిలగిల' రూపాన్నీ సాధించారు. మహాభారత వనపర్వంలో నివాతకవచుల మీదికి వెళ్లే అర్జునుడికి ఈ జీవులు నీట మునిగిన కొండల్లా కనిపిస్తాయి. ఒక నోటిని మించిన నోరు మరొకటి! సముద్రపు అపారతను సూచించే కల్పన ఇది, జంతుశాస్త్రం కాదు. నిజానికి అన్నిటికన్నా పెద్దదైన నీలి తిమింగలం రొయ్యలవంటి చిన్న జీవులనే తింటుంది.

అలాగని అంతా కల్పనే అనడం కూడా తొందరపాటే. రఘువంశం 13వ సర్గలో కాళిదాసు, తలపై రంధ్రాల నుంచి నీటిని పైకి చిమ్మే తిములను వర్ణించాడు. తిమింగలం శ్వాసను చూసినవారి అనుభవం ఇందులో ఉందనిపిస్తుంది. అయితే గమనించండి: ఆ వర్ణన 'తిమి'ది, 'తిమింగిలా'నిది కాదు.

కాబట్టి ఈ మాట మొదట యౌగికం, తెలుగులో రూఢం. వ్యుత్పత్తి పేరు పుట్టుకను చెబుతుంది, ప్రాణి స్వభావాన్ని కాదు. ఆస్ట్రేలియా ఆదివాసుల జలభూతం 'బన్యిప్' పేరు వెంబా వెంబా భాష నుంచి ఇంగ్లీషులోకి వెళ్లి, అక్కడ మోసగాడు అనే అర్థాన్ని కూడా పొందింది. పేర్లు ప్రయాణిస్తాయి, అర్థాలు మారుతాయి.

నెల్లూరు తీరంలో మైపాడు, కృష్ణపట్నం ప్రాంతాల విద్యార్థులకు ఈ భేదం నిత్యజీవితంలోనూ అవసరమే. ఒడ్డుకు కొట్టుకొచ్చిన ప్రతి భారీ జీవీ తిమింగలం కాదు. తోకరెక్క అడ్డంగా పరచుకొని ఉంటే తిమింగలం. నిలువుగా ఉండి, మొప్పల చీలికలు కనిపిస్తే అది సొర జాతి చేప. తిమింగల సొర పేరులో తిమింగలం ఉన్నా, అది చేపే. పేరును చూసి ప్రాణిని నిర్ణయించకూడదన్నట్లే, నేటి ప్రాణిని చూసి పాత కావ్యాన్నీ నిర్ణయించకూడదు.

ఆలోచించండి: గజేంద్రమోక్షంలోని మకరం, ఆలయ శిల్పాల్లోని మకరం, రాశిచక్రంలోని మకరం ఒకటేనా? కారణాలతో చర్చించండి.