వెళ్తుంటే తొయ్యి

పేరులో ప్రత్తి ఉంది గానీ, మా ప్రత్తిపాడు గట్ల మీద ఈమధ్య మాటలన్నీ మిరప గురించే. నల్ల తామరపురుగు 2021లో పూత మీద పడ్డాక మందు కొట్టే రోజులు పెరిగాయి. పంపు భుజాన వేసుకునే మనిషి దొరకని చోట డ్రోను దిగింది.

కిందటి వారం పొద్దున్నే ఒక తోట గట్టున నిలబడి దాన్నే చూశాను. మెకానికల్ పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి, కదిలే యంత్రం కనబడితే నా కాలు కదలదు. సాలు చివర డ్రోను ఆగింది. ఆగినట్టే ఆగి, ముందుకొక గుంజు గుంజి, వెనక్కొచ్చి సర్దుకుంది.

"సగం ట్యాంకులో అంతే మాస్టారూ. నిండుగా ఉంటే బుద్ధిగానే ఆగుద్ది" అన్నాడు నడిపే కుర్రాడు.

లోపలి మందునీళ్ల పని అది. డ్రోను ఆగినా నీళ్లు ఆగవు, గోడకు కొట్టుకుని తిరిగొస్తాయి. పైగా ఆ యంత్రమే ఒక చిక్కుముడి: నాలుగు రెక్కలతో ఆరు రకాల కదలికలు అదుపు చెయ్యాలి. ముందుకు పోవాలంటే ముందుకు వంగాలి, ఆగాలంటే వెనక్కి వంగాలి. వంగిన ప్రతిసారీ నీళ్లు ఒరుగుతాయి. తగ్గే మట్టం, ట్యాంకు ఆకారం, రెక్కల గాలి అన్నీ కలిపి సమీకరణం రాయబోతే ఈ పంటకాలానికి తేలదు.

అలాంటప్పుడు నాకు అట్లతద్ది ఉయ్యాల గుర్తొస్తుంది. చింతకొమ్మకు కట్టిన ఉయ్యాలలో మా అక్కను తోసేవాణ్ణి. ఆవేశంలో ఎదురొస్తుండగా తోశానొకసారి. చేతులు మండాయి, ఉయ్యాల చచ్చుబడింది. "వస్తుంటే తోస్తావేంట్రా, వెళ్తుంటే తొయ్యి!" అని అరిచింది. 2000లో ఆస్ట్రోమ్, ఫురుటా అనే ఇద్దరు పండితులు కిందికి వేలాడే లోలకాన్ని ఊపి ఊపి తలకిందులుగా నిలబెట్టే పద్ధతి రాశారు. అందులో ప్రాణం మా అక్క మాటే. లోలకం ఎక్కడుందని వెంటాడరు. దానిలో శక్తి ఎంతుందో చూస్తారు. చాలకపోతే అది పోయే వైపు సాయం, ఎక్కువైతే ఎదురు.

ఎక్కువైన శక్తిని తీసెయ్యడమూ మనవాళ్లకు కొత్త కాదు. కావిడితో నీళ్లు మోసేవాళ్లు కుండలో ఆకురెమ్మ వేసేవాళ్లు, తొణక్కుండా. నీళ్ల లారీ ట్యాంకులో అడ్డుపలకలు బిగించేదీ అందుకే.

శక్తి లెక్కతో యంత్రాన్ని అదుపు చేసే ఈ శాస్త్రాన్ని తీర్చిదిద్దినవాళ్లలో ఒకాయన మన గుంటూరులోనే పుట్టారు, 1947లో: మాతుకుమల్లి విద్యాసాగర్. 1975లో డిసోయర్‌తో కలిసి రాసిన పుస్తకంలో, తనకిచ్చిన దానికంటే ఎక్కువ శక్తి తిరిగివ్వలేని వ్యవస్థల లక్షణాలు వివరించారు. అలాంటి రెండిటిని, ఒకదాని ఫలితం రెండోదానికి ఎదురుగా వచ్చేలా జోడిస్తే, ఆ జోడీ కూడా అలాగే ఉంటుంది. 1989లో స్పాంగ్‌తో కలిసి రాసిన రోబోల పుస్తకం చాలామందికి పాఠ్యగ్రంథం. నాకు ఎక్కువ ఆసక్తి మాత్రం 1997 నాటి పుస్తకం మీద. కొలతల నుంచి నేర్చుకున్న నమూనాను నమ్మాలంటే ఎన్ని కొలతలు కావాలన్నది అందులో ఒక ప్రశ్న. ఊహించే నమూనాల రకాలు పెరిగేకొద్దీ కొలతలూ పెరగాలి. శక్తి లెక్క, కొలతల లెక్క రెండూ ఒకే మనిషి బల్ల మీద ఉన్నాయన్నమాట.

కొలతల్ని ఊరికే మింగిన నమూనా గాల్లోంచి శక్తి పుట్టించి చూపగలదు. అందుకే 2019లో గ్రేడానస్ అనే పరిశోధకుడి బృందం నాడీజాలానికి (న్యూరల్ నెట్‌వర్క్‌కు) కదలికను నేరుగా నేర్పకుండా శక్తిని నేర్పింది. కదలికను ఆ శక్తి నుంచి రాబట్టింది. గట్టు వేసి నీళ్లు వదలడం లాంటిదే, నాకు నచ్చిన పని. అయితే డ్రోనుకు బ్యాటరీ శక్తినిస్తూనే ఉంటుంది, గాలి లాగేస్తూనే ఉంటుంది, మందు బరువు తగ్గుతూనే ఉంటుంది. ఈ రాకపోకల పద్దు కూడా చేరిస్తేనే ఆ పని మిరపతోట దాకా వస్తుంది.

వెళ్లేముందు కుర్రాడు చిన్న నోటుపుస్తకం చూపించాడు. నిండు, ముప్పావు, సగం, పావు. ఒక్కోదానికి గట్టుకు ఎన్ని అడుగుల ముందు వేగం తగ్గించాలో పెన్సిలుతో రాసుకున్నాడు. పేజీలన్నీ తిప్పి, గాలి ఉన్న రోజులవి ఎక్కడున్నాయని అడిగాను.

"గాలి రోజున ఎగరెయ్యలేదు కదా మాస్టారూ."