చలికోటు లోపలి సంచి

ఖాలిద్ హొసేనీ నవల ‘ఎ థౌజండ్ స్ప్లెండిడ్ సన్స్’ 2007లో వచ్చింది. నేను ఆలస్యంగా చదివాను. సాహిత్యం క్రమంగా చదువుకున్నవాణ్ణి కాను, బి.కాం. చేసి ముప్ఫై ఏళ్ళుగా బాంకులో కూడికలు, తీసివేతలతో కాలక్షేపం చేస్తున్నవాణ్ణి. కనుక ఇందులో నా చూపు ముందుగా డబ్బు మీద పడిందంటే పాఠకులు మన్నించాలి.

కథ స్థూలంగా ఇది. 1992. కాబూల్‌లో ముజాహిదీన్ వర్గాలు ఒకదానిపై ఒకటి రాకెట్లు వేసుకుంటున్నాయి. ఒకటి ఇంటిమీద పడి లైలా తల్లిదండ్రులు పోతారు. ఆమెకు పద్నాలుగేళ్ళు. ప్రేమించిన తారిక్ అప్పటికే కుటుంబంతో దేశం దాటాడు, అతని బిడ్డ ఆమె కడుపులో ఉంది. తారిక్ చనిపోయాడని ఒక మనిషిచేత అబద్ధం చెప్పించి, చెప్పుల దుకాణం రషీద్ ఆమెను రెండో పెళ్ళి చేసుకుంటాడు. మొదటి భార్య మరియం పద్దెనిమిదేళ్ళుగా ఆ ఇంట్లోనే ఉంది. బయట యుద్ధం, లోపల రషీద్.

మరియం పెళ్ళినాటి ఒక చిన్న మాట ఇక్కడ చెప్పుకోవాలి. హెరాత్‌లో ఆ పదిహేనేళ్ళ పిల్లను ఒప్పిస్తూ తండ్రి భార్యలు చెప్పే సుగుణాల్లో ఒకటి: వరుడు పష్తూన్ అయినా ఫార్సీ మాట్లాడతాడు, నువ్వు పష్తో నేర్చుకోనక్కర్లేదు! ఇంట్లో ఒక భాష, వీధిలో మరో భాష మాట్లాడే మనబోటివాళ్ళు ఆ వాక్యం దగ్గర కాసేపు ఆగుతారు. భాష కలిసినంత మాత్రాన మనిషి కలవడని ఆ అమ్మాయికి త్వరలోనే తెలుస్తుంది.

నాకు ఈ నవలలో అన్నిటికన్నా నిజంగా తోచింది లైలా పొదుపు. రషీద్ నిద్రపోతున్నప్పుడు అతని పర్సులోంచి అయిదో పదో అఫ్ఘానీలు తీస్తుంది. పర్సు బరువును బట్టి తీత. ఆ డబ్బు గళ్ళ చలికోటు లోపల కుట్టుకున్న చిన్న సంచిలోకి పోతుంది. పెషావర్‌కి బస్సు చార్జీ ఎంతో, ఉంగరం తాకట్టు పెడితే ఎంత వస్తుందో ఆమె దగ్గర లెక్క ఉంది. మా బ్రాంచిలోనూ పాస్‌బుక్కు ఇంటికి తీసుకుపోకుండా ‘మీ దగ్గరే ఉంచండి సార్’ అనే ఖాతాదారులు ఒకరిద్దరు ఉన్నారు. ఎందుకమ్మా అని మేము అడగము. ఈ నవల చదివాక అడగనందుకే మంచిదనిపించింది.

1994 వసంతంలో ఆ డబ్బుతో ఇద్దరు ఆడవాళ్ళూ పసిపిల్లతో బస్టాండుకు చేరతారు. తోడుగా వస్తానన్నవాడి చేతిలో టిక్కెట్ల డబ్బు పెడితే వాడే సైనికులకు పట్టిస్తాడు. కుటుంబ వ్యవహారాల్లో మేము కలుగజేసుకోమని అధికారి ఇంటికి పంపేస్తాడు. ఆ తర్వాత రషీద్ చేసింది ఇక్కడ రాయలేను. పూర్తి చేయడానికి నాకు రెండు రాత్రులు పట్టింది.

చివరికి లైలా గొంతు నులుముతున్న రషీద్‌ను మరియం పారతో కొట్టి చంపుతుంది. నేరమంతా తనమీదే వేసుకుని తాలిబాన్ల చేతిలో మరణశిక్ష పొందుతుంది. బతికే ఉన్న తారిక్‌తో, ఇద్దరు పిల్లలతో లైలా పాకిస్తాన్ కొండల్లోని మర్రీ చేరి, ఒక హోటల్లో గదులు శుభ్రం చేసే పనిలో కుదురుతుంది. నా దృష్టిలో అసలు నవల ఇక్కడ మొదలు కావాలి. చిన్నవాడు జల్మాయ్ రషీద్ కొడుకు. వాడికి నాన్నంటే ప్రాణం. బాబా ఎప్పుడొస్తాడని రాత్రి పడుకోబోయే ముందు అడుగుతాడు. తనను చావగొట్టినవాడి కోసం ఏడ్చే బిడ్డను ఆ తల్లే ఓదార్చాలి. ఎంత అన్యాయమైన పని! హొసేనీ దాన్ని పట్టుకున్నాడు గాని, కొద్ది పేజీల్లో దాటేశాడు. కాబూల్ తిరిగి వెళ్ళాలన్న తొందర లైలా కన్నా రచయితకే ఎక్కువున్నట్టుంది.

తిరిగివెళ్ళే దారిలో మరియం తండ్రి ఏనాడో కూతురికి వదిలిన పెట్టె లైలా చేతికి వస్తుంది. అందులో ఉత్తరం, డబ్బు సంచి. ఆ డబ్బుతో అనాథాశ్రమం బాగుపడుతుంది, ఆమె అక్కడ టీచరవుతుంది. ఇక్కడే నాకు పేచీ. అయిదూ పదీ కూడబెట్టిన మనిషికి చివర్లో చనిపోయిన మగాడి ఆస్తి వచ్చి పడటమేమిటి? తండ్రి పశ్చాత్తాపానికి కథలో చోటు ఉండవచ్చు. కాని లైలా కొత్త బతుకును నిలబెట్టింది మర్రీలో మార్చిన పక్కదుప్పట్లే అనుకుంటాను. ఆ కష్టం ఖాతాలో ఎక్కలేదు.

ఇంకొక చిక్కు రచయిత చేతిలో లేనిది. నవల 2003లో ఆశతో ఆగుతుంది. 2021 ఆగస్టులో తాలిబాన్లు కాబూల్‌ను మళ్ళీ పట్టుకుని, ఆరో తరగతి దాటిన ఆడపిల్లల బడులు మూయించారు. 2023 నవంబరు నుంచి పాకిస్తాన్ కాగితాలు లేని అఫ్ఘన్లను పెద్దఎత్తున వెనక్కి పంపింది. అంటే ఇప్పటి లైలాకు మర్రీ కూడా లేదు. ఆ వార్తలు వచ్చిన రోజుల్లో పుస్తకం మళ్ళీ తీశాను, చివరి అధ్యాయం కోసం కాదు. పని ముగించుకుని వచ్చి, జల్మాయ్ అడిగినదానికి ఏం చెప్పాలో తెలియక ఆమె తడబడే ఆ నాలుగు పేజీల కోసం.