ముప్ఫై ఏళ్ల తర్వాత మళ్లీ ఎడిటింగ్ బల్ల మీదికి

ఫ్రాన్సిస్ ఫోర్డ్ కొప్పోలా తీసిన ‘గాడ్‌ఫాదర్’ మూడో భాగం 1990లో సరిగ్గా క్రిస్మస్ రోజున విడుదలైంది. 1972లో వచ్చిన మొదటి భాగానికీ, 1974లో వచ్చిన రెండో భాగానికీ ఉత్తమ చిత్రంగా ఆస్కార్ దక్కింది. మూడోదానికి ఏడు నామినేషన్లు వచ్చాయి గానీ ఒక్క అవార్డూ రాలేదు. 2020 డిసెంబరులో కొప్పోలా ఆ సినిమానే మళ్లీ ఎడిట్ చేసి, పేరు మార్చి విడుదల చేశారు: ‘ది గాడ్‌ఫాదర్ కోడా: ది డెత్ ఆఫ్ మైఖేల్ కార్లియోన్’. మైఖేల్ మరణం అన్న పేరే ఆయనా, రచయిత మారియో పుజో ఇద్దరూ మొదట అనుకున్నది. పారమౌంట్ సంస్థ ఒప్పుకోలేదు. ఈ కొత్త కూర్పు కోసం నటులను మళ్లీ పిలిచి షూటింగ్ చేయలేదు. నిడివి తేడా నాలుగైదు నిమిషాలే. అయినా సినిమా మారిపోయింది.

అసలు మార్పంతా మొదట్లోనే ఉంది. 1990 కూర్పు లేక్ టాహో ఒడ్డున పాడుబడిన కార్లియోన్ ఇంటితో మొదలవుతుంది. ఆ కుటుంబ పెద్ద మైఖేల్ పిల్లలకు రాసిన ఉత్తరం అతని గొంతులోనే వినిపిస్తుంది. తర్వాత చర్చిలో అతనికి బిరుదు ఇచ్చే తంతు, ఆపైన పెద్ద విందు, పాటలు, పలకరింపులు, పాత బంధువులు. వాటికన్ బ్యాంకు అప్పుల్లో పడింది, దాన్ని ఆదుకుంటే ఒక అంతర్జాతీయ కంపెనీ తన చేతికొస్తుందని మైఖేల్ ఆర్చిబిషప్ గిల్‌డేతో బేరమాడే సన్నివేశం వచ్చేసరికి అరగంట దాటిపోతుంది. ‘కోడా’లో ఆ బేరమే తొలి సన్నివేశం. టాహో ఇల్లు లేదు, చర్చి తంతూ లేదు.

దీనివల్ల ఏమైందో చూడండి. 1990లో ప్రేక్షకుడు ముందుగా గౌరవనీయుడైన ఒక ముసలాయనను చూశాడు. ఆ గౌరవం ఖరీదెంతో ఆలస్యంగా తెలిసింది. ఇప్పుడు 60 కోట్ల డాలర్ల మాట మొదట్లోనే చెవిన పడుతుంది. ఆ తర్వాత విందు మొదలవుతుంది. అవే పాటలు, అవే పలకరింపులు, కానీ సాగదీసినట్టు ఉండవు. కట్నం డబ్బు ఇంకా అందలేదని తెలిసి పెళ్లి పందిట్లో కూర్చున్నవాడికి మేళతాళాలు ఎలా వినిపిస్తాయో, ఆ విందు మనకు అలా కనిపిస్తుంది. కూతురు మేరీ సిసిలీ పేదల కోసమంటూ 10 కోట్ల డాలర్ల చెక్కు అందించేటప్పుడు ఆ దానం వెనక ఏముందో మనకు ముందే తెలుసు.

వేగం అంటే కత్తిరించడమేనని మనలో చాలామంది అనుకుంటాం. ‘ల్యాగ్ ఉంది, పది నిమిషాలు లేపేయండి’ అనడం సులువు. కానీ ప్రేక్షకుడి మనసులో ప్రశ్న ఎప్పుడు పుట్టిందన్న దాన్నిబట్టే సినిమా నడక ఉంటుంది. ప్రశ్న పుట్టాక ఎంత నెమ్మదైన సన్నివేశమైనా కదులుతుంది, పుట్టకముందు పరుగెత్తించినా నిలబడినట్టే ఉంటుంది. ఇంకో సంగతి. 1972 సినిమా కూడా చీకటి గదిలో ఒకడు మైఖేల్ తండ్రి వీటో కార్లియోన్ సాయం కోరడంతోనే మొదలవుతుంది. సాయం కోరేవాడి చోట ఇప్పుడు ఆర్చిబిషప్ కూర్చున్నాడు. తండ్రి స్థానానికి కొడుకు ఎక్కాడని, ఎక్కినందుకు ఏం పోగొట్టుకున్నాడని ఒక్క డైలాగూ లేకుండా తెలిసిపోతుంది.

మూడో భాగం ఎడిటర్లలో వాల్టర్ మర్చ్ ఒకరు. ఎక్కడ కట్ చేయాలో తేల్చడానికి ఆరు ప్రమాణాలు చెబుతూ, భావోద్వేగానికి 51 శాతం, కథకు 23, లయకు 10 ఇచ్చారాయన. స్థలంలో కొనసాగింపుకు దక్కింది నాలుగే. పలెర్మోలోని తియాత్రో మాసిమో మెట్ల మీద మేరీ కూలిపోయినప్పుడు మైఖేల్ అరిచే అరుపు ఈ లెక్కకు సాక్ష్యం. అల్ పచీనో గొంతు చించుకుని అరిచారు. మర్చ్ ఆ అరుపులో చాలాభాగం శబ్దం తీసేశారు. తెరిచిన నోరు, గొంతు దాటని కేక. సినిమా మొత్తంలో నన్ను ఇంతగా కలచివేసిన చోటు మరొకటి లేదు. రెండు కూర్పుల్లోనూ అది అలాగే ఉండటం సరైనదే.

ముగింపు మాత్రం మారింది. పాత కూర్పులో సిసిలీ ఇంటి ముంగిట ఒంటరిగా కూర్చున్న మైఖేల్ కుర్చీలోంచి ఒరిగి పడిపోతాడు. కొత్తదానిలో పడడు. పేరులో మరణమని పెట్టి, మనిషిని బతికించి వదిలేశారు. కొందరికి ఇది మోసంలా తోచింది. నాకు మాత్రం పాత ముగింపు అతని మీద జాలి చూపినట్టుండేది. సొంత అన్న ఫ్రెడోనే చంపించినవాడు, కార్డినల్ లాంబెర్టో ముందు ఏడుస్తూ ఒప్పుకున్నా బతుకు మార్చుకోలేనివాడు, కూతుర్ని పోగొట్టుకున్నాక కూడా ఏళ్లపాటు బతకాలి. ఆ శిక్ష చావుతో తెగిపోకూడదు.

ఎడిటింగ్ చేయలేనివీ ఉన్నాయి. పారితోషికం దగ్గర మాట కుదరక రాబర్ట్ డ్యూవాల్ తప్పుకోవడంతో కుటుంబ లాయరు టామ్ హేగన్ పాత్ర లేకుండా పోయింది. ఆ లోటు ఏ కత్తెరా పూడ్చలేదు. వినోనా రైడర్ ఆఖరి నిమిషంలో మానుకుంటే మేరీ వేషం పద్దెనిమిదేళ్ల సోఫియా కొప్పోలా మీద పడింది. విమర్శకులు ఆమెను నిర్దయగా దులిపేశారు. ఆ పిల్ల తడబాటు మేరీకి తగిందేనని నా అభిప్రాయం. వాటికన్ రాజకీయమైతే ఇప్పటికీ చిక్కుముడే.

అందరూ కొప్పోలా దారిలో నడవలేదు. జార్జ్ లూకాస్ తన ‘స్టార్ వార్స్’ మొదటి త్రయాన్ని 1997లోనూ ఆ తర్వాతా మారుస్తూ, చివరి భాగంలో పాట మార్చారు, ఆఖరి సన్నివేశంలో నటుణ్నే మార్చారు. 2025లో రాజమౌళి రెండు ‘బాహుబలి’ భాగాలను కలిపి ‘బాహుబలి: ది ఎపిక్’గా సుమారు 3 గంటల 45 నిమిషాలకు కుదించారు. కథ పరుగు పెరిగింది గానీ, శివుడు, అవంతికల ప్రేమ చాలావరకు పోయి అవంతిక పాత్ర పలచబడింది.

లూకాస్ విషయంలో అభిమానులకు మిగిలిన బాధ, పాత కూర్పులు దొరక్కుండా చేయడం. గాడ్‌ఫాదర్‌కు ఆ గతి పట్టలేదు. 2022లో వచ్చిన డిస్కుల పెట్టెలో ‘కోడా’తోపాటు 1990 థియేటర్ కూర్పూ, 1991లో ఇంటి వీడియో కోసం పెంచిన 170 నిమిషాల కూర్పూ ఉన్నాయి. ఎడిటింగ్ నేర్చుకుంటున్నవాళ్లు 1990 కూర్పులో మొదటి అరగంటా, ‘కోడా’లో మొదటి అరగంటా వెంటవెంటనే చూడాలి. విందు సన్నివేశంలో ఏ ముఖం మీద తమ చూపు నిలుస్తోందో రెండుసార్లూ రాసుకుని పోల్చి చూడాలి.